తోమరాని గిన్నె

ఆ రోజుల్లో ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతంలో పొద్దున్నే నిద్ర లేచిన మనిషికి రెండు సంగతులు తెలిసేవి కావు. ఇవాళ బస్సులు తిరుగుతాయా లేదా అన్నది ఒకటి, ప్రత్యేక రాష్ట్రం వస్తుందా రాదా అన్నది రెండోది. రెండోదాని గురించి టీ కొట్టు దగ్గర ఎవరిని కదిపినా ఖాయంగా జవాబు చెప్పేవారు. మొదటిదాని గురించి మాత్రం బస్సు నడిపే డ్రైవరు కూడా చెప్పలేకపోయేవాడు. నాకు ఈ విషయం ఇంత బాగా ఎలా తెలుసంటే, నేను అద్దెకున్న ఇంటి యజమాని బస్సు డ్రైవరే. సమ్మెలో ఉన్నాడు కాబట్టి రోజూ లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ "ఇయ్యాల బస్సుల్లేవు" అని చెప్పడమే డ్యూటీగా పెట్టుకున్నాడు. నాకప్పుడు పాతికేళ్లు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పేవాణ్ని. ఎల్బీ నగర్ రింగు రోడ్డు వెనక సందులో, ఆయన మేడ మీది గదిలో, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఫిజిక్స్ లెక్చరరుతో కలిసి ఉండేవాణ్ని. మేమిద్దరం ఒకరినొకరు పేర్లతో పిలుచుకున్న గుర్తు లేదు. అతను నాకు ఫిజిక్స్, నేనతనికి కెమిస్ట్రీ.

బందుల పుణ్యమా అని వారంలో మూడు రోజులు క్లాసులుండేవి కావు. ఖాళీగా ఉన్న పాతికేళ్ల వాడికి ఏదో ఒకటి పుట్టకుండా ఉండదు కదా, నాకు బీరు పుట్టింది. తాగాలని కాదు (రెండు గ్లాసులు తాగితే మర్నాడు మధ్యాహ్నం దాకా తల పట్టుకుని కూర్చునే బాపతు నేను), తయారు చేయాలని. బెంగుళూరులో ఉండే మా బావ, ఇంట్లోనే బీరు కాచే స్నేహితుణ్ని ఎవరినో పట్టుకుని, బీరుకి చేదు తెచ్చే హాప్స్ అనే ఎండిన పువ్వుల పొట్లం ఒకటి నాకు పంపాడు. వాసన చూస్తే పశువులకొట్టంలోకి గులాబీ అత్తరు ఒలికినట్టు ఉంది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని పద్నాలుగు పేజీలు ప్రింటు తీశాను. పులియబెట్టడం అంటే కెమిస్ట్రీ, కెమిస్ట్రీ అంటే నేను. పైగా మా నాన్నగారికి నా మీద పాత ఫిర్యాదు ఒకటుంది. హార్మోనియం మూడు నెలలు, కరాటే ఒక బెల్టు, హిందీ పరీక్షలు సగం, ఏదీ చివరిదాకా లాగలేదని. ఈసారి ఆకాశం విరిగి మీద పడినా బీరు చేసి తీరాల్సిందేనని ఒట్టు పెట్టుకున్నాను. (బీరు చేసినట్టు మా నాన్నగారికి ఎలా చెప్పాలన్నది ఆలోచించలేదు.)

ఆ పద్నాలుగు పేజీల్లో నన్ను బాగా పట్టుకున్నది రెండో పేజీ. కాచడానికి పెద్ద గిన్నె కావాలి. సత్తు గిన్నె, అదే అల్యూమినియంది అయితే చవక, త్వరగా వేడెక్కుతుంది. కాని కొత్త గిన్నెలో నేరుగా కాచకూడదట. ముందు కడిగి, నిండా మంచినీళ్లు పోసి, గంటసేపు మరిగించాలి. అప్పుడు లోపలి మెరుపు పోయి బూడిద రంగు పొర కడుతుంది. ఆ పొరే గిన్నెకి కవచం. అది లేకపోతే బీరుకి లోహపు రుచి వస్తుంది. కట్టిన తర్వాత దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ గీకి తోమకూడదు, పులుపు తగలనివ్వకూడదు. ఈ ముక్కల కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో గిన్నెల దుకాణానికి వెళ్లి ఇరవై లీటర్ల సత్తు గిన్నె అడిగాను. "సిల్వర్ గంజా సార్? ఫంక్షనేమన్న ఉన్నదా?" అన్నాడు షాపతను. అవునన్నాను. "ఏం ఫంక్షన్?" అన్నాడు. "చిన్నదే" అన్నాను. ఇరవై లీటర్ల చిన్న ఫంక్షన్ ఏమిటా అన్నట్టు నన్ను ఎగాదిగా చూసి, గిన్నె నా చేతుల్లో పెట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి బందు మొదలైంది. ఆటోలు లేవు. చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ దాకా ఆ గిన్నెని బోర్లించి నెత్తిన పెట్టుకుని నడిచాను. ఎండకి గొడుగులా ఉంటుందనుకున్నాను గాని, లోపల తల ఉడికిపోతుందని కెమిస్ట్రీ చదివిన నాకు తట్టలేదు. (అది ఫిజిక్స్ అని గదికొచ్చాక నా మిత్రుడు సెలవిచ్చాడు.)

మా గదిలోది ఒంటి గ్యాసు పొయ్యి. దాని మీద ఆ గిన్నె పెడితే, పీట మీద ఏనుగు కూర్చున్నట్టుంది. అందుకని కింద పెరట్లో ఓనరమ్మ (డ్రైవరు భార్య) స్నానాల నీళ్లు కాచుకునే కట్టెల పొయ్యి మీద కన్నేశాను. ఆవిడది నల్లగొండ దగ్గర పల్లెటూరు. నలభై ఐదేళ్లుంటాయేమో, గట్టి మనిషి, గట్టి గొంతు. నేను మా వైపు అలవాటు ప్రకారం "పిన్నిగారూ" అనేవాణ్ని. "గారు ఏంది గారు, పిన్ని అంటే సాలదా?" అని నవ్వేది. నన్నేమో సారూ అని పిలిచి, నువ్వు అని మాట్లాడేది. ఆ రెండూ ఒకే నోట్లోంచి అంత ఆప్యాయంగా రావడం నాకు అప్పటిదాకా తెలియదు.

"ఉత్త నీళ్లు గంటసేపు కాగబెడ్తవా? ఎందుకు సారూ?" అంది, పొయ్యి ముందు నన్ను చూసి.

నిజం చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆవిడ దృష్టిలో నేను పేకాట, సిగరెట్టు లేని బుద్ధిమంతుణ్ని. "బార్లీ కాచుకుందామనండీ. కొత్త గిన్నె కదా, ముందు నీళ్లతో పదును చేస్తున్నాను" అన్నాను. అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు చూడండి. ఆవిడ మొహం జాలితో నిండిపోయింది. "వేడి చేసిందా బిడ్డా? ముందే చెప్పొద్దా?" అని, ఆ పూటే మజ్జిగ, మర్నాడు సబ్జా గింజలు పంపింది. మూత్రానికి మంటగా ఉంటే తగ్గుతుందని పొడుగ్గా వివరం కూడా చెప్పింది, ఫిజిక్స్ ఎదుటే.

గంట తర్వాత నీళ్లు పారబోసి చూస్తే, గిన్నె లోపల ప్రింటు కాగితాల్లో చెప్పినట్టే బూడిద రంగు, అడుగున కాస్త నలుపు. నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఫిజిక్స్‌ని పిలిచి చూపించాను. "మాడిన గంజు చూపెట్టనీకి పిలిచినవా భాయ్?" అన్నాడు. గిన్నెని పెరట్లో ఆరబెట్టి సాయంత్రం క్లాసుకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది బట్టలుతికే బండ మీద బోర్లా ఉంది. ఎత్తి లోపలికి చూశాను. నా మొహం నాకు స్పష్టంగా కనిపించింది.

"జూడు సారూ, ఎట్ల మెరుస్తున్నదో!" అంది ఓనరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ. "లోపటంత నల్లగైంది. చింతపండు పెట్టి, ఇటుక పొడేసి తోమిన. ఒంటిగాడివి, నీకు తోముడేమొస్తది?" థాంక్సండీ అన్నాను. ఆవిడ ఇంకో పది గిన్నెలు తోమగలనన్నంత సంతోషంగా లోపలికి వెళ్లింది.

మర్నాడు మళ్లీ మరిగించాను. మళ్లీ పొర కట్టింది. ఈసారి జాగ్రత్తపడ్డాను. ఆవిడకి నేరుగా చెబితే, నిన్నటి శ్రమ దండగైందని నొచ్చుకుంటుందేమోనని, తెల్ల కాగితం మీద ఇంకు పెన్నుతో పెద్ద అక్షరాలు రాసి గిన్నెకి అంటించాను. "దయచేసి తోమరాదు." సాయంత్రం వచ్చేసరికి గిన్నె మళ్లీ తళతళ. పక్కనే డ్రైవరు మామ (ఆయన్ని ఫిజిక్స్ మామ అనేవాడు, నేనూ అలాగే అలవాటు పడ్డాను) లుంగీ ఎగ్గట్టి, చేతిలో కొబ్బరి పీచుతో, మొహం ముడుచుకుని నిలబడ్డాడు.

"సారూ, తోమిన. గని ఒక్క మాట. నీకంటె ఇరవై ఏండ్లు పెద్దోణ్ని. గట్ల రాసుడు మంచిగ లేదు."

నాకర్థం కాలేదు. ఆయన కాగితం తెచ్చి చూపించాడు. మేడ మీద ఆరేసిన బట్టల నుంచి నీటి చుక్కలు పడి ఆఖరి అక్షరం కరిగిపోయింది. మిగిలింది "దయచేసి తోమరా" అని.

నేను చేతులు జోడించి, గుంటూరు నుంచి మోసుకొచ్చిన మర్యాదలన్నీ ఒక్కసారిగా గుమ్మరించాను. "అయ్యయ్యో, అది రాదండీ, రా కాదండీ!" అంటే ఆయన ఇంకా అయోమయంలో పడ్డాడు. చివరికి ఫిజిక్స్ వచ్చి, "దు పోయింది మామా, దు!" అని విడమరిస్తే గాని శాంతించలేదు. శాంతించాక మాత్రం పగలబడి నవ్వాడు. "గందుకే దయచేసి అని ఎందుకు రాసిండా అని మస్తు ఆలోచన చేసిన. సమ్మెల ఉన్నం గద, చేసేది లేక తోమిన" అన్నాడు. అప్పుడు ఇద్దరినీ కూర్చోబెట్టి, ఆ నలుపు మురికి కాదని, కావాలని కట్టించిన పొరని, దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. "నీ గంజు, నీ ఇష్టం. ఇగ ముట్టుకుంటె ఒట్టు" అంది ఓనరమ్మ, కొంచెం అలిగి.

మూడోసారి మరిగించాను. ఈసారి క్లాసులు లేవు కాబట్టి పగలంతా గిన్నె పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాశాను. పొర చక్కగా కట్టింది. మర్నాడే బీరు కాయాలని ముహూర్తం. వారం రోజులుగా మేడ మీద మొలకెత్తించి, పిచ్చుకలతో యుద్ధం చేసి ఎండబెట్టిన బార్లీ సంచిలో సిద్ధంగా ఉంది. బేకరీ నుంచి ఈస్టు తెచ్చాను. పొద్దున స్నానం చేసి, ప్రింటు కాగితాలు గోడకి అతికించి, పొయ్యి వెలిగించబోతుంటే, ఓనరమ్మ, వెనక ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వెనక మామ వచ్చి నిలబడ్డారు.

"సారూ, ఇయ్యాల ఎల్బీ నగర్ చౌరస్తల వంటావార్పు. రోడ్డు మీదనే వండుకోని తింటం. మనకిస్తమన్న పెద్ద గంజు వేరే బస్తోళ్లు పట్టుకపోయిర్రు. నీ గంజు జర ఇయ్యరాదూ?"

నేను గిన్నె వైపు చూశాను. ఫిజిక్స్ నా వైపు చూశాడు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సందులో గుంటూరు వాణ్ని నేనొక్కణ్నే. నాతో ఎవరూ ఎప్పుడూ కటువుగా మాట్లాడలేదు గాని, ఆ నెలలో టీ కొట్టు దగ్గరికి నేను వెళ్తే మాటలు కాస్త ఆగేవి. "మీ ఆంధ్ర సారును ఎందుకుంచినవ్?" అని ఎవరో అడిగితే, "మా సారు మంచోడు, వేడి చేసి సచ్చిపోతుండు పాపం, ఆయననేమనకుర్రి" అని ఓనరమ్మ గట్టిగా జవాబిచ్చిందని ఫిజిక్స్ నాకు చెప్పాడు. ఇప్పుడు ఆవిడే వచ్చి అడుగుతోంది. కాదంటే అది గిన్నెని కాదనడం కాదు, ఆవిడని కాదనడం. ఇస్తే నా పొర గతి ఏమిటి?

"తప్పకుండా తీసుకెళ్లండి పిన్నిగారూ. కాని నేనూ వస్తాను. ఒక్క షరతు. అందులో పులుపు వండకూడదు."

"వచ్చుడే కావాలె!" అంది ఆవిడ, షరతు వినిపించుకోకుండా.

ఎల్బీ నగర్ చౌరస్తాలో అంత ఖాళీ రోడ్డు నేను అంతకు ముందు చూడలేదు, తర్వాత చూడలేదు. విజయవాడ వెళ్లే దారి మధ్యలో మూడేసి రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించారు. ఒక పక్క డప్పులు, పాటలు, ఇంకో పక్క ఉల్లిపాయల కోత. నా గిన్నె రాళ్ల మీద కూర్చుంది. నేను దాని పక్కన కూర్చున్నాను. అంతలో ఓనరమ్మ ఒక పెద్ద చింతపండు ముద్ద నీళ్లలో పిసకడం చూసి ఒక్క ఉదుటున లేచాను.

"పిన్నిగారూ, పులుపు వద్దన్నాను కదండీ!"

"పులుపు లేకుంటె పప్పుచారు ఎట్లయితది సారూ?"

మా మాటలు పొయ్యి చుట్టూ ఉన్న వాళ్లందరికీ వినిపించాయి. మైకు పట్టుకుని తిరుగుతున్న ఒక నాయకుడు (మా సందులో అందరూ మైకన్న అనేవారు) ఆగి, "ఏంది లొల్లి?" అన్నాడు. ఎవరో, "గీ సారు చింతపండు ఎయ్యొద్దంటుండు" అన్నారు. "ఏ ఊరు సారూ మీది?" అన్నాడు మైకన్న. మైకు ఆపడం మరిచిపోయాడు.

"గుంటూరండీ" అన్నాను. ఆ మాట చౌరస్తా నలుమూలలా మోగింది. డప్పులు ఆగాయి.

ఆ క్షణంలో నాకు ఏ రసాయన సమీకరణమూ గుర్తు రాలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. అప్పుడు ఓనరమ్మ లేచింది. తిన్నగా మైకన్న దగ్గరికి వెళ్లి, నన్ను కాపాడాలన్న తొందరలో, మైకులోనే చెప్పింది.

"గంజు సారుదే అన్నా! మనకోసం ఇచ్చిండు. సారుకు ఒంట్ల వేడి ఉన్నది, ఒంటికి పోయినప్పుడు మంటంట. బార్లీ నీళ్లు తాగుతుండు. పులుపు పడదు. గంతే!"

చౌరస్తా అంతా గొల్లున నవ్వింది. జనంలోంచి "సార్! కెమిస్ట్రీ సార్!" అని కేకలు వినిపించాయి. మా సెంటరు విద్యార్థులు ఒక ముప్ఫై మంది, ఆడపిల్లలతో సహా, అక్కడే ఉన్నారు. నేను గిన్నెలో దూకుదామా అనుకున్నాను గాని, అప్పటికే నీళ్లు మరుగుతున్నాయి.

మైకన్న నవ్వాపుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "గుంటూరు సారు గంజు ఇచ్చిండు. మనం సారు కోసం ఒక్క పూట పులుపు ఇడువలేమా? కిచిడీ పెట్టుర్రి!" అన్నాడు. డప్పులు మళ్లీ మోగాయి. పెసరపప్పు, బియ్యం పడ్డాయి. నా గిన్నె కాబట్టి కలిపే బాధ్యత కూడా నాకే వచ్చింది. గంటన్నర సేపు, పొగలో కళ్లు మండుతున్నా, అడుగంటకూడదని పట్టుదలగా గరిటె తిప్పాను. నా పట్టుదల దేనికో అక్కడ ఎవరికీ తెలియదు. పక్కన కూర్చుని తిన్న పెద్దాయన మాత్రం, "గింత శ్రద్ధగ కలిపెటోణ్ని సూడలే" అని ఇంకో ముద్ద అడిగి వేయించుకున్నాడు. నాకు కూడా విస్తరాకులో పెట్టారు. రోడ్డు మధ్యలో, తెల్ల గీత మీద కూర్చుని తిన్నాను. అంత రుచిగల కిచిడీ మళ్లీ తినలేదు.

ఇంటికి చేరేలోపు మా నాన్నగారి ఫోను. "టీవీలో కనిపించావురా. గరిటె పట్టుకుని ఉన్నావు. అక్కడేం చేస్తున్నావు?" అన్నారు. కిచిడీ నాన్నా అన్నాను. "మీ అమ్మ అడుగుతోంది, ఉప్పు సరిపోయిందా అని" అన్నారు. అంతే, పెట్టేశారు.

సాయంత్రం ఓనరమ్మ గిన్నె తెచ్చి మేడ మెట్ల మీద పెట్టింది. నేనెంత తిప్పినా అడుగున రెండంగుళాల మందాన కిచిడీ మాడి బొగ్గయిపోయింది. "నువ్వు తోమొద్దన్నవ్ గద, నేను ఒట్టేసుకున్న. ముట్టుకోలె" అంది నిజాయితీగా. ఆ బొగ్గు వదిలించడానికి నేనే చింతపండు అడిగి తీసుకుని, కుళాయి దగ్గర గంటసేపు గీకాను. మామ జాలిపడి పక్కన కూర్చుని ఓ చెయ్యి వేశాడు. అంత అవమానం అయ్యాక ఇంకేం దాస్తానని, గిన్నె దేనికో ఇద్దరికీ చెప్పేశాను. ఓనరమ్మ తిడుతుందనుకున్నాను. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడింది.

"బీరా! గింత సేపు చెప్పకపోతివి. మా నాయిన తాళ్లెక్కెటోడు సారూ. కల్లు సంగతి నాకు తెల్వదా? పొంగెటప్పుడు మూత గట్టిగ పెట్టకు, పేల్తది" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అంటె వేడి చెయ్యలేదా నీకు? నేను మైకుల చెప్తి గదనే!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు పది నిమిషాలు ఆగలేదు.

నాలుగోసారి నీళ్లు మరిగించి, నాలుగోసారి పొర కట్టించి, ఆ ఆదివారం బీరు కాచాను. మూత ఆవిడ చెప్పినట్టే వదులుగా పెట్టాను. మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మేడ మీద నలుగురం స్టీలు గ్లాసులతో కూర్చున్నాం. ఫిజిక్స్ ఒక గుక్క తాగి ఆకాశం వైపు చూశాడు. ఓనరమ్మ వేలితో ముంచి నాలుకకి రాసుకుని, "కల్లు మేలు" అంది. మామ మాత్రం గ్లాసంతా తాగి, మూతి తుడుచుకుని, "మందు లెక్కనే ఉన్నది సారూ" అన్నాడు. నేను ఉప్పొంగిపోయి, "నిజంగానా మామా?" అన్నాను. "అవ్, దవాఖానల ఇస్తరు, గసొంటి మందు" అన్నాడు. అయినా రెండో గ్లాసు పోయించుకున్నాడు. లోహపు రుచి మాత్రం ఏ మాత్రం లేదు. ఆ ఒక్కటీ మీరు నమ్మాలి.

రాష్ట్రం వచ్చింది. నేను ఇక్కడే ఉండిపోయాను, ఇప్పటికీ ఆ పాఠాలే చెబుతున్నాను. మొన్నొక రోజు క్లాసులో అల్యూమినియం గురించి చెబుతూ, "దీనికి గాలి తగిలిన క్షణంలోనే పైన రక్షణ పొర దానంతటదే కడుతుంది, మనం ఏమీ చేయనక్కర్లేదు, మరిగిస్తే ఇంకాస్త మందమవుతుంది, అంతే" అని బోర్డు మీద రాస్తూ టక్కున ఆగిపోయాను. ఈ వాక్యం నేను ఆ రోజుల్లో కూడా చెప్పేవాణ్ని. సాయంత్రం పిల్లలకి ఇదే చెప్పి, మర్నాడు వెళ్లి పొయ్యి ముందు కూర్చునేవాణ్ని. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, "ఏంది సార్, నవ్వుతున్నరు?" అంది. ఏం లేదమ్మా, రాసుకోండి అన్నాను. చాక్‌పీసు పట్టుకుని ఒక్క క్షణం ఆ పాతికేళ్ల కుర్రాడి గురించే ఆలోచించాను. చెమటలు కక్కుతూ ఉత్త నీళ్లు మరిగిస్తున్నాడు పాపం, అంత కష్టం అక్కర్లేదని వెళ్లి చెబుదామా అనిపించింది. వద్దులే, మరిగించుకోనీ అనుకుని తర్వాతి లైను రాశాను.